దిగడానికి అనుమతి లేదు

ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరయ్యాను. తాళం వేసిన ఇంట్లో ఫోన్ దానంతటదే మోగుతోందని, రిసీవర్ ఎత్తితే ఎవరో ఏడుస్తున్నారని, పోయిన మామగారి గొంతు వినిపించిందని ఎన్ని ఫిర్యాదులు వచ్చేవో. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే ప్రతిసారీ ఏదో ఒకటి దొరికేది. వానకు తడిసిన జాయింటు, ఉడుత కొరికిన తీగ, పక్క లైనుతో కలిసిపోయిన జత తీగలు. దయ్యం అనే మాట వింటే నాకు భయం కాదు, స్క్రూడ్రైవర్ గుర్తొచ్చేది.

ఇప్పుడు రాయబోయేదానికి కూడా అలాంటి తీగ ఎక్కడో ఉంటుందని ఏళ్ల తరబడి వెతికాను.

నా పేరు యాదగిరి. మాది చౌటుప్పల్ దగ్గర పల్లె. ఉద్యోగం మొదట్లోనే సరూర్‌నగర్ వచ్చి స్థిరపడ్డాం. రిటైరయ్యాక పొద్దు గడవక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ కొనుక్కున్నాను. షాపువాడు దాంతోపాటు విమానం నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి ఇచ్చాడు. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. తెర మీద కాక్‌పిట్, చేతిలో జాయ్‌స్టిక్. జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కనివాణ్ణి, నెల తిరక్కుండానే దాని పిచ్చిలో పడ్డాను.

అలా వెతుకుతుంటే ఇంటర్నెట్‌లో ‘రిటైర్డ్ రెక్కలు’ అనే గ్రూపు కనబడింది. అంతా నాలాంటి రిటైరైనవాళ్లే, ఇరవై మంది దాకా ఉండేవాళ్లం. ఒకాయన కాశీ వెళ్లొచ్చి ఏ సత్రంలో వేడినీళ్లు వస్తాయో రాస్తే, ఇంకొకాయన మోకాలి ఆపరేషన్ తర్వాత ఎన్ని మెట్లు ఎక్కగలిగాడో రాసేవాడు. పొద్దున్నే ఎవరి షుగర్ ఎంతో వాళ్లు పెట్టేవాళ్లు. మధ్యలో విమానాల కబుర్లు. కొత్త విమానం వచ్చిందనీ, ఫలానా విమానాశ్రయం బొమ్మ బాగుందనీ.

ఆ గ్రూపుకు గుండెకాయ కోటేశ్వరరావు గారు. తెనాలి వైపు మనిషి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌గా చేసి, ముప్పై ఏళ్లుగా ఎల్బీనగర్‌లోనే ఉంటున్నారు. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు మేమంతా ఎవరింట్లో వాళ్లం కూర్చుని, ఒకే ఆకాశంలో ఎగిరేవాళ్లం. చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి దగ్గర మైకు. ఆయన ఎగిరేవారు కాదు. కంట్రోల్ టవర్ ఆయనే. ఎవరు ఏ ఎత్తులో ఉండాలి, ఎవరు ముందు దిగాలి, అన్నీ ఆయన చెప్పేవారు. రెండుసార్లు గొంతు సవరించుకుని, ‘టవర్’ అని మొదలుపెట్టేవారు. నాకు దిగడం నేర్పింది ఆయనే. పదిహేడుసార్లు కూల్చాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆయనకున్నదల్లా ఒక్కటే జబ్బు, ఎదుటివాడి తెలుగు దిద్దడం. నేను “దిగిన సార్” అంటే, “దిగిన కాదండీ గిరిగారూ, దిగాను” అనేవారు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వేవాణ్ణి.

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. మా కాలనీలో కమిటీ వేశారు, నన్ను అందులో పెట్టారు. రోజూ టెంటు, ర్యాలీ, రాస్తారోకో. అది ఆడుతూ పాడుతూ చేసిన పని కాదు. మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన మా చిన్నాన్న నడుము నా కళ్ల ముందు ఉండేది. ఉద్యోగంలో నా యాస విని పక్కకు తిరిగి నవ్వినవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చేవారు.

గ్రూపులోకి కూడా గొడవ వచ్చింది. షుగర్ లెక్కల మధ్య, కాశీ కబుర్ల మధ్య ఎవరో ఒక మాట అనడం, ఇంకొకరు దానికి రెండు అనడం. ఒకరోజు నేను ఉద్యమం గురించి పెద్ద మెయిల్ రాశాను. మా భాషలోనే రాశాను. గంటలో కోటేశ్వరరావు గారి జవాబు వచ్చింది. ఇరవై మందికీ చేరేలా పెట్టారు. “రాష్ట్రం సంగతి తర్వాత. ముందు భాష నేర్చుకోండి.”

నా మెయిల్‌లోని తప్పులన్నీ, ఆయన దృష్టిలో తప్పులు, కింద వరసగా దిద్ది పంపారు. పరీక్ష పేపర్ దిద్దినట్టు.

ఆ రోజు నేను అన్నం తినలేదు. సాయంత్రం ఒకే వాక్యం రాసి పంపాను. “ఏడికెళ్లి ఒచ్చిన్రో గాడికే పోండ్రి.” పంపి, ఆయన పేరు గ్రూపులోంచి తీసేశాను. గ్రూపులో ఎవర్ని చేర్చాలో, ఎవర్ని తీసేయాలో ఆ తాళాలు అప్పటికి నా దగ్గరే ఉండేవి. ఇరవై మందిలో ఒక్కరూ ఆయన తరఫున మాట్లాడలేదు, అంజయ్య తప్ప.

అంజయ్యది హయత్‌నగర్. సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యమంలో నాకంటే ముందున్నవాడు, లాఠీ దెబ్బ కూడా తిన్నవాడు. నాకు ఫోన్ చేసి, “యాదన్నా, కొట్లాట సర్కారుతోని. సారుతోని ఏంది మనకు? జర సోచాయించు” అన్నాడు. నేను వినలేదు. కోటేశ్వరరావు గారు కూడా నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి, “నన్ను తీసేశారా గిరిగారూ?” అని మాత్రం అడిగారు. అవునని పెట్టేశాను. రెండోసారి ఎత్తనే లేదు.

నెల గడిచింది. బంద్ రోజు. ఎల్బీనగర్ చౌరస్తాలో హైవే మీద వంటావార్పు పెట్టాం. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు. అటు హయత్‌నగర్ దాకా, ఇటు దిల్‌సుఖ్‌నగర్ దాకా బండి కదల్లేదు. సందుల్లో కూడా టైర్లు కాలుతున్నాయి. అంబులెన్సు వస్తే దారి ఇవ్వాలని మాకు మేమే చెప్పుకున్నాం, ఇచ్చాం కూడా.

పదకొండున్నర ప్రాంతంలో నా ఫోన్ మోగింది. తెర మీద కోటేశ్వరరావు గారి పేరు. నేను రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పులిహోర తింటున్నాను. పక్కనున్న కమిటీ ఆయన, “ఎవలే?” అన్నాడు.

“మా ఆంధ్ర సారు. మల్లా గ్రూపుల చేర్చుకోమని బతిమాలనీకి చేస్తుండు” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాను.

సాయంత్రం అంజయ్య ఇంటికి వచ్చి చెప్పాడు. కోటేశ్వరరావు గారికి పొద్దున గుండె నొప్పి వచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే చాలాసేపు లైను కలవలేదు. సందు చివర టైర్లు చూసి ఆటోవాళ్లు రామన్నారు. చివరికి ఎవరో స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. దవాఖాన మెట్ల దగ్గరే పోయారు.

ఆయన ఇంటి నుంచి నేను కూర్చున్న చోటికి నడిచి పది నిమిషాలు. ఆ చౌరస్తాలో నేను చెయ్యి ఎత్తితే ఏ బండికైనా దారి దొరికేది. ఈ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంత్యక్రియలకు అంజయ్య వెళ్లాడు. నేను వెళ్లలేదు. ఫోన్ సంగతి అంజయ్యకు చెప్పలేదు, నా భార్య పద్మకూ చెప్పలేదు.

ఇక అసలు విషయం. ఆయన పోయాక పద్నాలుగో రోజు, ఆదివారం. చాలా వారాలుగా ఆగిపోయిన ఆదివారం విమానాలను మళ్లీ మొదలుపెడదామని అంజయ్యే అడిగాడు, సారు పేరు మీద ఒక్కసారి ఎగురుదామన్నాడు. మిగతావాళ్లు ఎవరూ రాలేదు. పదకొండు గంటలకు ఇద్దరమే కలిశాం. ఆట నడిచేది నా కంప్యూటర్ మీదే కాబట్టి ఎవరెవరు కలిశారో జాబితా నా తెర మీద కనిపిస్తుంది. రెండు పేర్లే ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

గన్నవరంలో ఎగిరి, హైవే మీదుగా వచ్చి, బేగంపేటలో దిగాలి. ఆయన మాకు మొదట నేర్పిన దారి అదే. బయట ఎండ కాస్తోంది. కిటికీ తెరిచే ఉంది. వంటింట్లో పద్మ పప్పు తిరగమోత వేస్తోంది, ఆ వాసన కూడా గుర్తుంది నాకు. నిద్రమత్తు లేదు, జ్వరం లేదు. పొద్దున చూసుకున్న బీపీ మామూలుగానే ఉంది.

చౌటుప్పల్ దాటి హయత్‌నగర్ మీదికి వచ్చేసరికి ఎత్తు తగ్గించడం మొదలుపెట్టాను. అప్పుడు హెడ్‌ఫోన్లలో చిన్నగా టక్కుమంది. ఎవరో మైకు ఆన్ చేసినప్పుడు వచ్చే చప్పుడు. తర్వాత గొంతు రెండుసార్లు సవరించుకున్న శబ్దం.

“టవర్. గిరిగారూ, మీకు దిగడానికి అనుమతి లేదు.”

ఆయన గొంతే. పోలిక కాదు. ముప్పై నాలుగేళ్లు తీగల మీద గొంతులు విన్నవాణ్ణి, అనుకరణకూ అసలుకూ తేడా నాకు తెలుసు. అయినా మొదట కోపమే వచ్చింది. “అంజయ్యా, ఏంది గీ పరాచికం?” అన్నాను. అంజయ్య పలకలేదు.

విమానాన్ని అలాగే కిందికి దించాను. రన్‌వే కనిపిస్తోంది. “అనుమతి లేదు. చుట్టూ తిరిగి వెళ్ళండి.” ఆ మాటలో కోపం లేదు. నాకు నేర్పేటప్పుడు ఉన్న ఓపిక కూడా లేదు. కౌంటర్ మూసేసిన గుమస్తా మాట్లాడినట్టు ఉంది. నా చేతులు వాటంతటవే జాయ్‌స్టిక్‌ను వెనక్కి లాగాయి. చుట్టూ తిరిగాను. మళ్లీ వచ్చాను. మళ్లీ అదే మాట. మూడోసారి తిరిగేసరికి ఇంధనం ముల్లు ఎర్రగీత కిందికి వచ్చింది.

“సార్, ఆయిల్ అయిపోతుంది సార్” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయనతోనే అన్నాను.

తర్వాత, ఒక్కో అక్షరం విడివిడిగా, పాఠం చెప్పినట్టు వినిపించింది.

“ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికే వెళ్ళండి.”

అది నా వాక్యమే. ఆయన దిద్దిన తెలుగులో.

మేం మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను మూసేశాను. గొంతు ఆగింది కానీ హెడ్‌ఫోన్లు నిశ్శబ్దంగా లేవు. ఊపిరి శబ్దం. లోపలికి తీసుకున్నది సగంలో ఆగిపోయి, మళ్లీ కష్టం మీద బయటికి వస్తున్న ఊపిరి. కంప్యూటర్ వెనక్కి చెయ్యి పెట్టి హెడ్‌ఫోన్ల ప్లగ్గు పీకేశాను. ప్లగ్గు నా చేతిలో ఉంది. ఊపిరి వినిపిస్తూనే ఉంది.

నేను ఏదో అరిచినట్టున్నాను, పద్మ వంటింట్లోంచి వచ్చింది. నేనేమీ చెప్పలేదు. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతికిచ్చాను. ఒక చెవికి ఆనించుకుంది. ముఖం మారిపోయింది. “ఎవలో ఆయాసపడుతుండ్రు. ఎవలది? దవాఖానకు తీస్కపోతలేరా?” అంది.

తీగ కొస నేల మీద వేలాడుతోంది. ఆమె దాన్ని చూసింది, నా వైపు చూసింది. హెడ్‌ఫోన్లు మంచం మీద పడేసి వెళ్లి స్టవ్ ఆపింది. ఆ తర్వాత నేను చెవిన పెట్టుకుని చూస్తే ఏమీ లేదు. తెర మీద నా విమానం ఎక్కడ పడిందో నేను చూడలేదు.

రెండు నిమిషాల్లో సెల్‌ఫోన్ మోగింది. అంజయ్య. ఏడుస్తున్నాడు.

“యాదన్నా, నువ్వు ఇన్నవా? సారు మాట్లాడిండే. ఎప్పటిలెక్కనే. ‘రండి అంజయ్యగారూ, రన్‌వే మీదే’ అన్నడు. నన్ను మంచిగ దించిండు. గాలి ఎటుదిక్కు ఉందో సుత చెప్పిండు. నీకేమన్నడు?”

“నేను ఏం ఇనలే” అన్నాను.

అబద్ధం. ఆ అబద్ధం నాలుగు రోజులు మోశాను. ఆ నాలుగు రోజుల్లో ఒక పని మాత్రం చేశాను. ఎక్స్ఛేంజ్‌లో ఇంకా ఉద్యోగంలో ఉన్న పాత స్నేహితుడి ద్వారా కోటేశ్వరరావు గారింటికి ఇంటర్నెట్ వచ్చే టెలిఫోన్ లైను సంగతి కనుక్కున్నాను. ఆయన పోయిన వారం రోజుల్లోపే కుటుంబం వాళ్లు దాన్ని తీసేయించారు. ఆ ఆదివారానికి ఆ జత తీగలు దేనికీ కలిపి లేవు. నా ఇంటి లైను కూడా నేనే విప్పి చూశాను. జాయింట్లు పొడిగా ఉన్నాయి. హెడ్‌ఫోన్లు విప్పి చూశాను. అందులో బ్యాటరీ పెట్టే చోటే లేదు. తీగ పీకేస్తే అవి వట్టి ప్లాస్టిక్కు.

అయిదో రోజు పొద్దున ఎల్బీనగర్ వెళ్లాను. కోటేశ్వరరావు గారి భార్య అన్నపూర్ణమ్మ గారు తలుపు తీశారు. లోపలికి రమ్మనలేదు. నన్ను అంతకుముందు రెండు మూడుసార్లు చూశారు, గుర్తుపట్టారు.

“అమ్మా, సారు కంప్యూటర్ ఎవరైనా వాడుతున్నరా?” అని అడిగాను. పరామర్శకు వచ్చినవాడు మొదట అడగవలసిన మాట కాదది. ఇంకేమీ నోటికి రాలేదు.

“పోయిన మూడో రోజే అట్టపెట్టెల్లో కట్టించి అటక మీద పెట్టించాను. అమ్మిపెడతామని వచ్చారా, కొంటామని వచ్చారా?”

ఆమె గడప మీదే నిలబడి చెప్పారు. “నాకు మీ నంబరు తెలియదండీ. ఆయనే తన ఫోన్ నా చేతికిచ్చి, గిరిగారికి చెయ్యి, చౌరస్తాలో ఉంటాడు, ఆయనైతే దాటించేస్తాడు అన్నారు. కట్ అవుతుంటే, చేతులు ఖాళీ లేవేమో, మళ్ళీ చెయ్యి అన్నారు. మీరు ఫోన్ చూసుకోలేదా?”

అవును చూసుకోలేదు అని ఉంటే ఆ తలుపు తెరుచుకునేదేమో. “చూసిన” అన్నాను.

“చూసి?”

“కట్ చేసిన.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. “నిజం చెప్పారు. సరే. ఇక వెళ్ళండి. మా వాకిట్లోకి మళ్ళీ రాకండి” అని తలుపు వేసేశారు. లోపల గొళ్లెం పడిన చప్పుడు విని మెట్లు దిగాను. హెడ్‌ఫోన్లలో విన్నది ఆమెకు చెప్పడానికే వెళ్లాను. చెప్పే హక్కు నాకు లేదని అక్కడ నిలబడ్డాక తెలిసింది.

ఆ సాయంత్రం అంజయ్యను పిలిచి మొత్తం చెప్పాను. ఫోన్ సంగతీ, ఆదివారం సంగతీ. అంజయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. “ఫోన్ ఎత్తకపోవుడు తెల్వక చేసినవ్ అనుకుంట. నవ్వినవ్ సూడు, గది నేను మాఫ్ చెయ్యలేను యాదన్నా” అని లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఏడాది పాటు మాట్లాడలేదు. ఉద్యమం టెంట్లలో ఎదురుపడినా పక్కకు జరిగి నిలబడేవాడు.

గ్రూపులో అందరికీ జరిగింది రాశాను, ఫోన్ సంగతితో సహా. కొందరు తిట్టారు. ఒకాయన ఇదంతా సానుభూతి కోసం కట్టిన కథ అన్నాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొన్ని నెలలకు గ్రూపులో నా షుగర్ లెక్క నేనే రాసుకుని నేనే చదువుకున్న రోజులున్నాయి. తర్వాత మూసేశాను.

రాష్ట్రం వచ్చింది. సంతోషించాను, ఇప్పుడూ సంతోషమే. నా కొట్లాట తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. ఆ రోజు ఆ ఫోన్ కట్ చేయడానికీ, ఆ కొట్లాటకూ సంబంధం లేదని మాత్రం తెలుసుకున్నాను.

డాక్టర్ దగ్గరికి వెళ్లాను. తప్పు చేసినవాడికి మనసే గొంతులు వినిపించేలా చేస్తుందని ఆయన ఓపికగా చెప్పాడు. నా వరకు ఒప్పుకుంటాను. కానీ పద్మ ఏ తప్పూ చేయలేదు, ఆమెకు అప్పటికి ఏమీ తెలియదు. అంజయ్య ఏ తప్పూ చేయలేదు. ఒకే నిమిషంలో హయత్‌నగర్‌లో ఉన్నవాణ్ణి రమ్మన్న గొంతు సరూర్‌నగర్‌లో ఉన్నవాణ్ణి పొమ్మంది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు పదకొండు గంటలకు ఒక్కణ్ణే కూర్చుని బేగంపేట దాకా ఎగిరాను. ఎవరూ ఆపలేదు. ఎవరూ రమ్మనలేదు. దిగాక ఇంజన్ ఆపి కాసేపు హెడ్‌ఫోన్లు పెట్టుకునే కూర్చునేవాణ్ణి. ఏమీ వినపడేది కాదు.

ఆ రోజు ఆ గొంతు ఎలా వచ్చిందో, తీగ పీకిన హెడ్‌ఫోన్లలోకి ఆ ఊపిరి ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. నన్ను ఎందుకు దిగనివ్వలేదో మాత్రం ఎవరినీ అడగవలసిన పని లేదు.